కారపు సాసులకు గిరాకీ: ఎండుమిర్చి ధరకు అది ఊతమేనా?

విదేశాలలో ఆసియా కారపు సాసుల వాడకం పెరిగిందన్న కబురు వచ్చినప్పుడల్లా గుంటూరు, ఖమ్మం, వరంగల్ యార్డులలో ఒక ఆశ తల ఎత్తుతూ ఉంటుంది. సాసుకు గిరాకీ ఉంటే మిర్చికి గిరాకీ, మిర్చికి గిరాకీ ఉంటే ధరకు ఊతం అన్నది ఆ ఆశకు ఆధారమైన లెక్క. శీతల గిడ్డంగిలో టిక్కీలు నిలవ పెట్టుకుని మంచి ధర కోసం ఎదురుచూసే వర్తకునికి ఈ లెక్క వినడానికి బాగానే ఉంటుంది. అయితే గడచిన కొన్ని సంవత్సరాల అనుభవం మాత్రం దీనిని బలపరచడం లేదు.

2023లో తేజ రకం క్వింటాలు 20 వేల రూపాయలకు పైగా పలికింది. 2025 ఫిబ్రవరి నాటికి ధర ఎంతగా కుంగిందంటే, కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యపు పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల ధరను నిర్ణయించి, 2,54,000 టన్నుల వరకు ఆ పథకాన్ని వర్తింపజేయవలసి వచ్చింది. ఈ మధ్య కాలంలో థాయిలాండ్, కొరియా, చైనా సాసుల ఖ్యాతి తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. అంటే ఖ్యాతి పైకి, కాయ ధర కిందికి ఒకేసారి నడిచాయన్న మాట.

ఎగుమతి లెక్కలూ ఇదే మాట చెబుతున్నాయి. 2023-24లో మన దేశం నుండి సుమారు 6 లక్షల టన్నుల మిర్చి ఎగుమతి అయి, సుమారు 12,500 కోట్ల రూపాయలు తెచ్చింది. 2024-25లో పరిమాణం 7 లక్షల టన్నులు దాటినా, మొత్తం విలువ ముందటి సంవత్సరం కంటె తగ్గింది. సరుకు ఎక్కువ పోయింది, డబ్బు తక్కువ వచ్చింది. కనుక సీసాకు వచ్చిన గిరాకీ కాయ దాకా ఏ దారిన వస్తుంది, దారిలో ఎక్కడ ఆగిపోతుంది అన్నది వర్తకులు విడదీసి చూసుకోవలసిన విషయం.

సాసులన్నీ ఒక్కటి కావు

మొదట గుర్తించవలసినది, ‘కారపు సాసు’ అన్న ఒకే పేరు కింద నాలుగు వేర్వేరు సరుకులు అమ్ముడవుతున్నాయి. వీటిలోకి వెళ్లే మిర్చి కూడా వేర్వేరు రూపాలలో వెళుతుంది.

మొదటి తరగతి పండుమిర్చి ముద్దతో చేసేవి. థాయిలాండ్‌లో పుట్టిన శ్రీరాచా, ఇండోనేషియా వారు రోట్లో నూరే సంబల్, చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో పెద్ద చిక్కుడు గింజలతో ఊరబెట్టే ముద్ద ఈ కోవలోనివి. మన ఇళ్లలో పండుమిరపకాయలకు ఉప్పు, చింతపండు చేర్చి రోట్లో తొక్కి జాడీకెత్తే పచ్చడి ఎలాంటిదో, ఈ సాసుల మూల సరుకు అలాంటిది. దీనికి చెట్టు మీద ఎర్రబారిన కాయ తడి ఆరకముందే కావాలి. ఎండిన కాయను నానబెట్టి రుబ్బితే ఆ రంగు, ఆ వాసన రావు.

రెండవ తరగతి కారంపొడితో చేసేవి. కొరియా వారి గోచుజాంగ్ ఇందులో ముఖ్యమైనది. మూడవది ఎండుమిర్చిని నూనెలో వేయించి, ఆ నూనెతో సహా సీసాకెత్తే చైనా మిర్చి నూనెలు. మన పట్టణాలలో ఫాస్ట్‌ఫుడ్ బండ్ల మీద వాడే షెజ్వాన్ చట్నీ కూడా ఎండుమిర్చిని నానబెట్టి, వెల్లుల్లితో రుబ్బి, నూనెలో వేయించేదే కనుక దీనికి దగ్గర చుట్టం. నాలుగవ తరగతిలో మిర్చి కాయగా గాని, పొడిగా గాని వెళ్లదు. కాయ నుండి తీసిన గాఢమైన సారం, అంటే ఓలియోరెసిన్, చుక్కల లెక్కన వెళుతుంది.

ఈ నాలుగింటిలో మొదటి తరగతితో మన ఎండుమిర్చి యార్డులకు నేరు సంబంధం దాదాపు లేదు. మిగిలిన మూడింటితో ఉన్నది. ప్రపంచంలో అన్నిటికంటె ఎక్కువగా మాట్లాడుకున్న ఆసియా సాసు మాత్రం మొదటి తరగతిలోనిది. యార్డులో లెక్క తప్పడానికి తొలి కారణం ఇక్కడే ఉన్నది.

శ్రీరాచా నేర్పే పాఠం

శ్రీరాచా అన్నది థాయిలాండ్‌లోని చోన్‌బురి రాష్ట్రంలో సముద్రతీరాన ఉన్న ఒక ఊరు. పండుమిర్చి, వెల్లుల్లి, వెనిగర్, పంచదార, ఉప్పు చేర్చి ఆ ప్రాంతంలో తయారుచేసిన సాసుకు ఊరి పేరే వచ్చింది. అయితే ఈ పేరును ప్రపంచమంతా తిప్పినది అమెరికాలో తయారైన సీసా.

వియత్నాంలో పుట్టిన చైనా సంతతివాడైన డేవిడ్ ట్రాన్ 1978 చివరలో హుయే ఫాంగ్ అనే సరుకు ఓడ ఎక్కి దేశం విడిచాడు. 1980లో లాస్ ఏంజెలెస్ చేరి, ఆ ఓడ పేరు మీదనే హుయ్ ఫాంగ్ ఫుడ్స్ అన్న సంస్థను ప్రారంభించాడు. తాను పుట్టిన 1945 చైనా పంచాంగం ప్రకారం కోడి సంవత్సరం కనుక సీసా మీద కోడిపుంజు బొమ్మ వేశాడు. ఆకుపచ్చ మూత, కోడిపుంజు గుర్తు గల ఆ సీసా వాణిజ్య ప్రకటనలు లేకుండానే తిన్నవారి నోటి మాట మీద వ్యాపించింది. 2012లో సుమారు 2 కోట్ల సీసాలు అమ్ముడయ్యాయి. శ్రీరాచా అన్నది ఊరి పేరు కావడం వలన, ఆ పేరును ఆయన తన సొంత ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించలేదు. దానితో పెద్ద పెద్ద సంస్థలు కూడా అదే పేరుతో సాసులు విడుదల చేశాయి.

వర్తకులకు పనికివచ్చే భాగం దీని తరువాత ఉన్నది. ఈ సాసుకు వాడేది ఎర్రగా పండిన హలపెన్యో రకం. కాలిఫోర్నియాలోని వెంచురా కౌంటీలో అండర్‌వుడ్ రాంచెస్ అనే వ్యవసాయ సంస్థ 1988 నుండి ఈ కాయను హుయ్ ఫాంగ్‌కు పండించి ఇస్తూ వచ్చింది. కొద్ది ఎకరాలతో మొదలైన సాగు వేయి ఎకరాలు దాటింది. కోసిన కాయ లారీలలో ఫ్యాక్టరీకి చేరి, వెనువెంటనే నలిగి, పీపాలకు ఎక్కేది. ఏడాది పొడుగునా అమ్మే సాసుకు కావలసిన మిర్చి అంతా కోతల కాలపు కొద్ది నెలలలోనే చేతికి రావాలి. అందుకు కొనేవారు ముందుగా పెట్టుబడి ఇచ్చేవారు. ఒక దశలో తూకం మీద కాక, సాగుచేసిన ఎకరాల మీద డబ్బు చెల్లించే పద్ధతి కూడా వచ్చింది. 28 సంవత్సరాలపాటు ఒకరి మీద ఒకరు ఆధారపడి రెండు సంస్థలూ పెరిగాయి.

2016 చివరలో ధర, ముందస్తు చెల్లింపుల విషయంలో తేడా వచ్చి ఈ సంబంధం తెగిపోయింది. 2017లో హుయ్ ఫాంగ్, తాను ఎక్కువగా చెల్లించిన డబ్బు తిరిగి ఇప్పించమని కోర్టుకు వెళ్లింది. అండర్‌వుడ్ ఎదురు దావా వేసింది. 2019లో జ్యూరీ, ఒప్పంద భంగం, మోసం జరిగాయని తేల్చి అండర్‌వుడ్‌కు 2 కోట్ల 33 లక్షల డాలర్లు చెల్లించాలని చెప్పింది. అధికంగా ముట్టిన సుమారు 14 లక్షల 50 వేల డాలర్లను హుయ్ ఫాంగ్‌కు తిరిగి ఇవ్వాలని కూడా నిర్ణయించింది. 2021లో అప్పీలు కోర్టు ఆ తీర్పును నిలబెట్టింది.

తీర్పుతో కాయ తిరిగి రాలేదు. ఆ తరువాత హుయ్ ఫాంగ్ కాలిఫోర్నియా, న్యూ మెక్సికో, మెక్సికోలలోని వేర్వేరు రైతుల నుండి కొనడం మొదలుపెట్టింది. 2022 ఏప్రిల్‌లో, మిర్చి దిగుబడి దెబ్బతిన్నదని, సెప్టెంబరు వరకు కొత్త ఆర్డర్లు సరఫరా చేయలేమని హోల్‌సేల్ వర్తకులకు తెలియజేసింది. 2023లో కూడా కొరత సాగింది. కొద్ది డాలర్ల సీసాను చేతిలో ఉన్నవారు పదింతలకు పైగా ధర చెప్పి అమ్మజూపారు. 2024 మే నెలలో, వచ్చిన కాయ తగినంత ఎర్రగా లేదని, సాసు రంగు చెడుతున్నదని ఉత్పత్తిని మళ్లీ సెప్టెంబరు దాకా నిలిపివేసింది. ఈలోగా అండర్‌వుడ్ సంస్థ తన కాయతో తానే సొంత శ్రీరాచా తయారుచేసి అమ్మకానికి పెట్టింది.

ఇందులో గమనించదగినది ఒకటి ఉన్నది. సీసాకు గిరాకీ తారస్థాయిలో ఉన్న రోజులలోనే, ఆ సీసాకు 28 ఏళ్లు కాయ ఇచ్చిన రైతు సంస్థ భూములు కొనేవాడు లేక పంట మార్చుకోవలసి వచ్చింది. కొరత కాలపు లాభం సీసాలు నిలవ ఉన్నవారికి పోయింది. కాయకు విలువ కట్టినది సాసు పేరు కాదు, ఇద్దరి మధ్య ఉన్న సరఫరా ఒప్పందం. అది ఉన్నంత కాలం ఇద్దరూ బాగుపడ్డారు. అది పోయిన తరువాత ఒకరికి కాయ లేదు, మరొకరికి కొనేవాడు లేడు.

ఎండుమిర్చి ఆ లోటును పూడ్చలేకపోయిందా అన్న ప్రశ్న సహజం. పూడ్చలేదు. మూడు నాలుగు కిలోల పండుకాయ ఎండితే ఒక కిలో ఎండుమిర్చి అవుతుంది. ఆ ఎండడంలో తడితోపాటు పచ్చి వాసన పోతుంది. సాసుకు కావలసినది సరిగ్గా ఆ పచ్చి వాసనే. అందువలన అమెరికాలో శ్రీరాచా కొరత ఏర్పడిందన్న వార్త మీద గుంటూరులో ఎవరైనా సరుకు నిలవ పెట్టి ఉంటే, ఆ లెక్కకు ఆధారం లేదు.

కొరియా: సుంకమే గోడ

రెండవ తరగతికి వస్తే, కొరియా గోచుజాంగ్‌లో వాడేది ఎండుమిర్చి పొడే. కారంపొడి, జిగట బియ్యం, పులియబెట్టిన సోయా పొడి, ఉప్పు చేర్చి జాడీలలో నెలల తరబడి ఊరబెడతారు. దక్షిణ కొరియాలోని సున్‌చాంగ్ దీనికి పేరుపడిన ఊరు. ఆహార ప్రమాణాలను నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్, గోచుజాంగ్‌కు 2009లో ఆసియా ప్రాంతీయ ప్రమాణాన్ని, 2020లో ప్రపంచ ప్రమాణాన్ని ఆమోదించింది. సినిమాలు, పాటలు, టెలివిజన్ కథలతోపాటు ఈ ముద్ద కూడా దేశదేశాలకు వెళ్లింది.

ఇందులో మన ఎండుమిర్చికి చోటు ఉండాలి కదా అనిపిస్తుంది. అయితే కొరియా తన మిర్చి రైతులను కాపాడుకోవడానికి ఎండుమిర్చి దిగుమతి మీద 270 శాతం సుంకం పెట్టింది. గడ్డకట్టించిన మిర్చి మీద మాత్రం సుంకం 27 శాతమే. ఈ తేడా చూసి చైనా వర్తకులు పండుమిర్చిని గడ్డకట్టించి ఓడకెక్కిస్తే, అది కొరియా చేరిన తరువాత కరిగించి, ఎండబెట్టి, పొడి చేయడం జరుగుతూ వచ్చింది. ఒకే కాయ, రూపం మారితే సుంకం పదో వంతు. సముద్రం అవతలి పక్కనే ఉన్న చైనాకు ఇది సాధ్యం. ఇంత దూరాన ఉన్న మనకు శీతల ఓడల ఖర్చు కలుపుకుంటే లెక్క కుదరడం కష్టం.

రెండో అడ్డంకి రుచి. కొరియా వారికి కావలసినది మంచి ఎరుపు, మధ్యరకం కారం, కాస్త తీపి. మన తేజ కారానికి పెట్టింది పేరే గాని, రంగులో బ్యాడిగీకి సాటి రాదు. హలపెన్యో కాయ కారం స్కోవిల్ కొలతలో సుమారు 2,500 నుండి 8,000 దాకా ఉంటే, తేజ అంతకు పదింతలు దాటుతుంది. కారం ఎక్కువైన సరుకు అన్ని సాసులకూ మెరుగైన సరుకు కాదన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి.

చైనా: నిజమైన కొనుగోలుదారు

మూడవ, నాలుగవ తరగతులకు వచ్చేసరికి పరిస్థితి వేరు. ఇక్కడ మన సరుకుకు చోటు ఉన్నది, దానికి పేరు చైనా.

చైనా పచ్చిమిర్చి పంటలో ప్రపంచంలోనే మొదటి స్థానంలో ఉన్నది. ఎండుమిర్చిలో మొదటి స్థానం మనది. చైనాలో గుయ్‌జో, సిచువాన్ రాష్ట్రాలవారు మిర్చి లేనిదే ముద్ద ముట్టరు. గుయ్‌జోకు చెందిన తావో హువాబి అనే మహిళ చిన్న హోటల్ నడుపుతూ చేసిన మిర్చి నూనె, 1990ల చివరి నుండి లావో గాన్ మా అన్న పేరుతో ఫ్యాక్టరీ సరుకై దేశదేశాలలోని చైనా దుకాణాలకు చేరింది. ఇటువంటి నూనెలలోనూ, పొయ్యి మీద మరుగుతుండగానే తినే హాట్‌పాట్ పులుసు ముద్దలలోనూ రెండు మూడు రకాల ఎండుమిర్చి కలుపుతారు. రంగుకు, వాసనకు తమ దేశపు కాయ, కారానికి వేరే కాయ. ఆ కారపు కాయ స్థానంలోకి మన తేజ ప్రవేశించింది. ఎస్-17 అన్న పేరుతో అక్కడి వర్తకులకు అది సుపరిచితం.

2023-24లో మన మిర్చి ఎగుమతిలో పావు వంతుకు పైగా చైనా ఒక్కటే కొన్నది. కాయతోపాటు, ఓలియోరెసిన్ తీసే ఫ్యాక్టరీలకు కూడా తేజ వెళుతుంది. సారం తీయగా మిగిలిన మిర్చి పిప్పికి కూడా అక్కడ గిరాకీ ఉన్నది. ఈ పిప్పి ఎగుమతి కోసం 2019 మే నెలలో రెండు ప్రభుత్వాలూ ఒక ఒడంబడిక మీద సంతకాలు చేశాయి.

అయితే ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడడం ఎటువంటిదో శ్రీరాచా కథలో చూశాము. చైనా వర్తకుడు తన దేశంలో పంట బాగా వచ్చిన సంవత్సరం మన వైపు నెమ్మదిగా చూస్తాడు. మన దగ్గర శీతల గిడ్డంగులలో పాత నిలవలు ఎక్కువగా ఉన్నాయని తెలిస్తే తొందరపడడు. గుంటూరు చుట్టుపక్కల వందకు పైగా ఉన్న శీతల గిడ్డంగులలో ఎంత సరుకు ఉన్నదో మనకు తెలిసినంతగా అతనికీ తెలుసు. ఖ్యాతి పెరిగిన సాసు అతనిచేత సరుకు కొనిపిస్తుంది గాని, ఎక్కువ ధరకు కొనిపించదు.

సీసాలో మిర్చి ఖరీదు ఎంత?

ఎందుకు కొనిపించదు అన్నదానికి ఒక చిన్న లెక్క చూద్దాము. అర కిలో సాసు సీసాలో 50 గ్రాముల ఎండుమిర్చి పడుతుందని అనుకుందాము. క్వింటాలు 12 వేలు ఉంటే కిలో 120 రూపాయలు, 50 గ్రాములకు 6 రూపాయలు. క్వింటాలు 24 వేలకు పెరిగితే 12 రూపాయలు. విదేశీ దుకాణంలో కొన్ని వందల రూపాయలకు అమ్ముడయ్యే సీసాలో మిర్చి ఖర్చు 6 రూపాయలు పెరిగితే తయారీదారు సాసు చేయడం మానడు. 6 రూపాయలు తగ్గితే రెట్టింపు సీసాలు చేయడు. సీసా, మూత, నూనె, పంచదార, ఓడ కిరాయి, దుకాణదారు లాభం, ఇవే అతని పెద్ద ఖర్చులు.

దీని అర్థం, సాసు తయారీదారుని కొనుగోలు ధరతోపాటు పెద్దగా మారదు. నిలకడగా ఉంటుంది. నిలకడైన కొనుగోలు ఎదుట పంట కాస్త తగ్గితే ధర ఒక్కసారిగా ఎగురుతుంది, కాస్త పెరిగితే ఒక్కసారిగా కూలుతుంది. జరిగినది ఇదే. 2021-22లో నల్ల తామర పురుగు తెలుగు రాష్ట్రాల మిర్చి తోటలను దెబ్బతీసింది. సరుకు తగ్గింది, ధర పెరిగింది. ఆ ధర చూసి రైతులు సాగు పెంచారు, వర్తకులు నిలవలు పెంచారు. ఆ పంట, ఆ నిలవలు కలిసి బజారుకు వచ్చేసరికి ధర కుంగింది. ఈ ఎత్తుపల్లాలలో సాసు సీసాల పాత్ర స్వల్పం. పురుగు, విస్తీర్ణం, నిలవ, ఈ మూడే ధరను నడిపించాయి.

అభిమానుల సందడి ఎంతవరకు?

కారపు సాసులకు ఈ రోజులలో ఒక ప్రత్యేకమైన అభిమాన వర్గం ఏర్పడిన మాట నిజం. ఏ సాసు ఎంత కారం, ఎవరు ఎన్ని చెంచాలు తిని తట్టుకున్నారు అన్న పందాలు, ముచ్చట్లు ఇంటర్నెట్ ద్వారా ఒక్క రోజులో లోకమంతా తిరుగుతున్నాయి. కొరియాకు చెందిన సమ్యాంగ్ సంస్థ 2012లో విడుదల చేసిన బుల్‌డాక్ అన్న కారపు నూడుల్స్ ఇటువంటి పందాల వలననే విదేశాలలో పేరు తెచ్చుకున్నాయి. తరువాత ఆ నూడుల్స్‌లోని సాసు విడిగా సీసాలలో కూడా వచ్చింది.

2024 జూన్‌లో డెన్మార్క్ ఆహార శాఖ, వీటిలో మూడు రకాలలో కారపు పదార్థమైన క్యాప్సైసిన్ మోతాదు మించి ఉన్నదని బజారు నుండి తీయించింది. జూలైలో తిరిగి లెక్క చూసి, రెండు రకాలను అనుమతించింది. ఈ వ్యవహారంలో సాధారణ పాఠకులకు వినోదం కనిపించవచ్చు గాని, మిర్చి వర్తకులకు కనిపించవలసినది వేరు. అధికారులు చూసినది కాయ రకం కాదు, ప్యాకెట్టులో క్యాప్సైసిన్ ఎన్ని మిల్లీగ్రాములన్నది. అటువంటి తనిఖీకి నిలబడవలసిన తయారీదారు రేపు మన దగ్గరకు వచ్చి ‘డీలక్స్ ఇవ్వండి’ అనడు. ఇంత కారం, ఇంత రంగు, ఇంత తేమ అని అంకెలు అడుగుతాడు. కంటితో చూసి, చేత్తో నలిపి, వాసన చూసి రకం కట్టే మన పద్ధతి యార్డులో చెల్లుతుంది గాని, అతని దగ్గర చెల్లదు. ఓలియోరెసిన్ వైపు తయారీదారులు మొగ్గడానికి కారణం కూడా ఇదే. ప్రతి చుక్కలో కారం ఎంతో ముందే తెలిసి ఉంటుంది.

అభిమానుల సందడికి మరొక లక్షణం, అది ఒక పేరు నుండి మరొక పేరుకు త్వరగా మారుతుంది. నిన్న శ్రీరాచా, నేడు గోచుజాంగ్, మిర్చి నూనె. పేరు మారినప్పుడు కాయ రకం, రూపం, దేశం కూడా మారుతాయి. కాయ నాటినది మొదలు కోత వరకు పట్టే నెలలు మాత్రం మారవు.

ఒక్క బస్తా చేసే నష్టం

సాసు వ్యాపారంలో మరొక ప్రమాదం ఉన్నది. యార్డులో ఒక లాటు చెడితే నష్టం ఆ లాటుతో పోతుంది. సాసులో అలా కాదు. ఒక సాసు మరెన్నో సరుకులలో కలుస్తుంది.

2003లో ఐరోపా దేశాలు మన దేశం నుండి వెళ్లిన కారంపొడిలో సుడాన్-1 అనే నిషిద్ధమైన రంగును కనుగొన్నాయి. వెంటనే పరీక్ష పత్రం లేనిదే మిర్చి సరుకును అనుమతించరాదన్న నిబంధన వచ్చింది. అంతకు ముందే ఇంగ్లండ్ చేరి ఉన్న కొంత కారంపొడి ఒక వూస్టర్ సాసులో కలిసింది. ఆ సాసు సూపులు, కూరలు, పిజ్జాలు వంటి ఎన్నో తయారీలలో కలిసింది. 2005 ఫిబ్రవరిలో విషయం బయటపడేసరికి వందలాది రకాల తినుబండారాలను దుకాణాల నుండి వెనక్కు తీసుకోవలసి వచ్చింది. కల్తీ చేసినవాడు మిగుల్చుకున్నది బస్తాకు కొద్ది రూపాయలు. పోయినది ఒక దేశపు సరుకు మీద నమ్మకం. ఆ తరువాతనే స్పైసెస్ బోర్డు తప్పనిసరి పరీక్షలు మన ఎగుమతిదారులకు నిత్యకృత్యమైనాయి.

కాయ సరిగా ఎండక తేమ నిలిచిపోతే పట్టే బూజు విషం, అంటే అఫ్లటాక్సిన్, మోతాదు మించిన పురుగుమందుల అవశేషాలు కూడా ఇదే కోవలోనివి. తామర పురుగు భయంతో మందు మీద మందు కొట్టిన తోట కాయ యార్డులో మంచి రంగుతో నిగనిగలాడవచ్చు. పరీక్షలో తప్పిపోతే ఆ నిగనిగకు విలువ లేదు.

వర్తకులు గమనించవలసినవి

పై విషయాలను బట్టి, సాసుల వార్త ఏదైనా చెవిన పడినప్పుడు వర్తకులు, బ్రోకర్లు తమను తాము అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఆ సాసు ఏ తరగతిది? పండుమిర్చి ముద్దతో చేసేదైతే ఆ వార్తతో ఎండుమిర్చి బేరానికి పని లేదు. పొడితోనో, నూనెతోనో, సారంతోనో చేసేదైతే తరువాతి ప్రశ్నకు వెళ్లవచ్చు.

రెండవది, ఆ దేశంలో సుంకం ఏ రూపానికి ఎంత? కాయకు, పొడికి, గడ్డకట్టించిన సరుకుకు, తయారైన సాసుకు వేర్వేరు రేట్లు ఉండవచ్చు. కొరియా విషయంలో ఈ ఒక్క తేడాయే వ్యాపారం దారిని నిర్ణయించింది.

మూడవది, వారికి కావలసినది కారమా, రంగా? కారమైతే తేజ, రంగైతే బ్యాడిగీ తరహా రకాలు. రెండూ ఒకే లాటులో చూపుతామని చెప్పే బేరం సాధారణంగా గొడవతో ముగుస్తుంది. తొడిమ ఉండాలా, తీయాలా, తాలు ఎంతవరకు ఒప్పుకుంటారు, తేమ ఎంత అన్నవి నోటి మాటగా వదలకుండా కాగితం మీదకు రావాలి.

నాలుగవది, మన దగ్గర నిలవ ఎంత, కొత్త పంట విస్తీర్ణం ఎంత? ధర విషయంలో చివరి మాట వీటిదే. గిడ్డంగి నిండుగా ఉన్నప్పుడు వచ్చిన గిరాకీ వార్త, సరుకు వదిలించుకోవడానికి అవకాశమే గాని, ఇంకా పట్టుకుని కూర్చోవడానికి కారణం కాదు. గిడ్డంగి అద్దె, బ్యాంకు వడ్డీ, తూకంలో తరుగు వార్త కోసం ఆగవు.

ఐదవది, కొనేవానితో ఒప్పందం ఎన్నాళ్లది? సాసు వ్యాపారంలో నిలకడైన ఆదాయం పొందినవారు బజారు ఊపును నమ్ముకున్నవారు కారు. ఏటా ఒకే కొనుగోలుదారుకు, ఒకే నాణ్యతలో, ముందుగా కుదుర్చుకున్న పద్ధతిలో ధర కట్టి సరఫరా చేసినవారు. అలాంటి ఒప్పందం దొరికితే క్వింటాలుకు ఐదు వందలు తక్కువైనా ఆలోచించదగినదే. అయితే మొత్తం సరుకు ఒకే చేతిలో పెట్టకూడదు. 28 ఏళ్ల స్నేహం కూడా ఒక సీజను ముందు చెడవచ్చునని కాలిఫోర్నియా అనుభవం చెబుతున్నది. ఇవ్వవలసిన అడ్వాన్సు ఎంత, సంబంధం తెగితే పొలంలో ఉన్న పంట ఎవరిది, మిగిలిన బాకీ ఎలా తీరాలి అన్నవి స్నేహం బాగున్న రోజులలోనే రాసుకోవడం మేలు.

మొత్తం మీద, ఆసియా కారపు సాసులకు పెరిగిన ఆదరణ మన మిర్చికి మంచిదే. కొనేవారి సంఖ్యను, కొనే దేశాల సంఖ్యను అది పెంచుతున్నది. అయితే అది ధరకు హామీ కాదు. సీసా మీద పేరును చూసి సరుకు పట్టేవారు, ముందుగా సీసా వెనుక ముద్రించిన పదార్థాల పట్టికను చదవడం మంచిది. అందులో మిర్చి ఏ రూపంలో ఉన్నదో చూసిన తరువాతనే యార్డులో బేరానికి దిగవలసి ఉంటుంది.